వంశవృక్షం రాయాలంటే ముందు మేనత్తల దగ్గరికి వెళ్ళండి

పెద్ద కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఒక ధీమా ఉంటుంది, మన చుట్టాలందరూ మనకి తెలుసని. పండక్కి ఇంటినిండా జనం, వాకిట్లో వరసగా చాపలు, ఎవరు ఎవరికి ఏమవుతారో అడగక్కర్లేకుండానే బాబాయి, పెద్దమ్మ, బావ అంటూ పిలిచేయడం, ఇదంతా చూస్తూ పెరిగాం కాబట్టి మనకి తెలియనిదేముంది అనుకుంటాం. ఒక కాగితం తీసుకుని మీ నాయనమ్మ వాళ్ళ అమ్మ పేరు రాయండి చూద్దాం. చాలామందికి పెన్ను అక్కడే ఆగిపోతుంది. తాతగారి తండ్రి పేరు తర్పణాల పుణ్యమా అని తెలిసి ఉంటుంది, ఆయన తండ్రి పేరు పొలం కాగితాల్లో దొరకొచ్చు, కానీ ఆ ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళ పుట్టింటి పేర్లు, ఆ ఇంటి నుంచి వెళ్ళిపోయిన ఆడపడుచుల పిల్లల పేర్లు ఏ కాగితంలోనూ సరిగ్గా ఉండవు. అవి మనుషుల నోళ్ళలోనే ఉన్నాయి, అదీ ఎనభై దాటినవాళ్ళ నోళ్ళలో.

మాది పల్నాడు. మా తాతలు అయిదుగురు అన్నదమ్ములు, వాళ్ళకి ముగ్గురు అప్పచెల్లెళ్ళు. ఒక్క మా తాత సంతానమే ఎనిమిది మంది. ఇలాంటి ఇంటికి వంశవృక్షం రాసిన అనుభవంతో చెప్తున్నాను, ఈ పని ఇంటర్నెట్‌లో మొదలుపెట్టకండి, ఎమ్మార్వో ఆఫీసులోనూ మొదలుపెట్టకండి. ముందు మీ మేనత్తల దగ్గరికి, బతికుంటే మీ తాతగారి అప్పచెల్లెళ్ళ దగ్గరికి వెళ్ళండి. రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్న దస్తావేజు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

మొదట మీకు తెలిసింది రాసుకోండి

ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ కొనండి. యాప్‌లు తర్వాత చూద్దాం. ఒక్కో మనిషికి ఒక అర పేజీ వదలండి, ఎందుకంటే ఇవాళ ఒక్క పేరు తప్ప ఏమీ తెలియని మనిషి గురించి ఆరు నెలల తర్వాత అర పేజీకి సరిపడా తెలుస్తుంది. ప్రతి మనిషికీ అసలు పేరు, పిలిచే పేరు, పుట్టిన ఊరు, ఎన్నో సంతానం, ఎవరిని చేసుకున్నారు, వాళ్ళది ఏ ఊరు, ఎప్పుడు పోయారు అన్నవి రాయండి. ఆడవాళ్ళయితే పుట్టింటి ఇంటిపేరు తప్పనిసరి. చివర్లో ఇంకో గీత గీసి, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నది కూడా రాయండి. ఇది అనవసరం అనిపిస్తుంది కానీ, ఇద్దరు పెదనాన్నలు రెండు రకాలుగా చెప్పినప్పుడు మీకు ఆధారం అదే.

పిలిచే పేరు ఎందుకంటే, మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఒకే పేరుతో నలుగురు ఉంటారు. ముత్తాత వెంకటసుబ్బయ్య, ఆయన అయిదుగురు కొడుకుల ఇళ్ళల్లోనూ ఒక్కో వెంకటసుబ్బయ్య. ఊళ్ళో వాళ్ళని పెద్దబ్బాయి, బుల్లెబ్బాయి, నల్ల సుబ్బయ్య, మిల్లు సుబ్బయ్య అని గుర్తుపడతారు. ఆ పేరు రాసుకోకపోతే పదేళ్ళ తర్వాత మీ పుస్తకం మీకే అర్థం కాదు.

అందుకే మొదటి రోజే నంబర్లు వేయడం మొదలుపెట్టండి. మీకు తెలిసిన అందరికంటే పాత మనిషికి 1. ఆయన సంతానం పుట్టిన వరసలో 1-1, 1-2, 1-3. మూడోవాళ్ళ రెండో సంతానం 1-3-2. నంబరు చూడగానే ఏ శాఖ, ఏ తరం, ఎన్నోవాళ్ళు అన్నది తెలిసిపోతుంది. ఆడపిల్లలకి కూడా ఇదే వరసలో నంబరు వేయండి, మగపిల్లలయ్యాక చివర్లో కాదు. ఇంకా పాత మనిషి పేరు దొరికితే అందరి నంబర్ల ముందూ ఒక అంకె చేరుతుంది, అంతే.

ఎవరిని ముందు అడగాలి

ఇంటి పెద్దకొడుకుని అడగడం మనకి అలవాటు. ఆయనకి పొలాల సంగతి, పంపకాల సంగతి బాగా తెలుసు. పిల్లల పేర్లు, కాన్పులు, ఎవరికి ఎవరిని ఇచ్చారు అన్న సంగతులు మాత్రం ఆడపడుచులకే తెలుసు. మేనత్తలు ఇంకో రకంగా కూడా విలువైనవాళ్ళు. వాళ్ళు పదిహేనో ఏటో పదహారో ఏటో ఇంకో ఊరు వెళ్ళిపోయారు కాబట్టి, వాళ్ళ జ్ఞాపకంలో పుట్టిల్లు ఆ ఏటి దగ్గర ఆగిపోయి ఉంటుంది, తర్వాత జరిగిన గొడవలు, పంపకాలు దానిమీద పడలేదు. మా పెద్ద మేనత్త, తన పెళ్ళినాటికి ఇంట్లో ఎవరెవరు ఏ గదిలో పడుకునేవాళ్ళో చెప్పింది. ఆ గదుల వరసలోనే మాకు ఎవ్వరూ చెప్పని ఒక చిన్నతాత బయటపడ్డాడు, పెళ్ళి కాకుండానే విషజ్వరంతో పోయినాయన.

తర్వాత కోడళ్ళు. పెద్ద కోడలు అత్తగారి దగ్గర ఎక్కువ కాలం మెలిగి ఉంటుంది, అత్తగారి పుట్టింటి సంగతులన్నీ ఆమెకి తెలుస్తాయి. ఆ తర్వాత ఊళ్ళో పక్కింటివాళ్ళు, మంగలి, చాకలి కుటుంబాల పెద్దలు, పురోహితుడు. మూడు తరాలుగా మీ ఇంటి పెళ్ళికీ చావుకీ వచ్చిన కుటుంబానికి మీకంటే మీ ఇల్లు బాగా తెలుసు. గౌరవంగా అడగండి, వాళ్ళు చెప్పింది వాళ్ళ పేరుతోనే రాసుకోండి.

పెళ్ళిలో అడుగుదాం, అందరూ ఒకచోటే దొరుకుతారు కదా అనుకుంటారు. పెళ్ళిలో ఎవరికీ తీరిక ఉండదు, భజంత్రీల మధ్య ఏమీ వినపడదు. దానికంటే పెద్దకర్మ రోజు మధ్యాహ్నం మంచిది. భోజనాలయ్యాక దాయాదులు, ఆడపడుచులు అందరూ చెట్టు కిందో టెంటు కిందో కూర్చుని పోయినవాళ్ళ సంగతులే మాట్లాడుకుంటుంటారు. పుస్తకం తీయకండి ఆ రోజు, ఊరికే వినండి. ఎవరికి ఎక్కువ గుర్తుందో కనిపెట్టి, తర్వాత తీరిగ్గా వాళ్ళింటికి వెళ్ళండి.

ఎలా అడగాలి

వెళ్ళగానే చెప్పాల్సిన మొదటి మాట, ఇది ఆస్తి కోసం కాదని. ఉన్నట్టుండి తమ్ముడి కొడుకు వచ్చి ముత్తాత పేరు, పంపకాల సంవత్సరం అడిగితే ఎవరికైనా టెన్షనే, కోర్టులో ఏదో వేస్తున్నాడేమోనని. పాత ఫోటోలు పట్టుకెళ్ళండి. ఫోటో చేతికిచ్చి ఇందులో ఎవరెవరు ఉన్నారత్తా అంటే చాలు, ప్రశ్నలతో పని లేకుండా గంటసేపు కబుర్లు నడుస్తాయి. పొలం సంగతులు ఆఖరికి ఉంచుకోండి, లేదా రెండోసారి వచ్చినప్పుడు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "నీకు ఎంతమంది తోడబుట్టినవాళ్ళు అత్తా?" అంటే బతికినవాళ్ళ లెక్కే చెప్తారు. "మామ్మకి ఎన్ని కాన్పులు?" అని అడగండి. అప్పుడు వేళ్ళు మడుస్తూ మొదటి నుంచి వస్తారు, మొదటిది ఆడపిల్ల, పురిట్లోనే పోయింది, తర్వాత మీ పెదనాన్న, ఆ తర్వాత ఇంకో మగపిల్లాడు, మూడేళ్ళకి అమ్మవారు పోసి పోయాడు, ఆ తర్వాత నేను, అలా. మా నాయనమ్మకి ఎనిమిది మంది పిల్లలని మేమందరం అనుకున్నది ఈ ప్రశ్న దగ్గర పదకొండు కాన్పులయ్యింది. ఆ ముగ్గురికీ నంబర్లు వేశాం. ఇద్దరికి పేర్లు కూడా దొరికాయి.

పేర్లు కూడా ఒక్కోసారి ఇలాంటి సంగతి చెప్తాయి. వరసగా పిల్లలు పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అనో, ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అనో పేరు పెట్టడం మన వాడుక. మీ వరసలో అలాంటి పేరు ఉంటే, దానికి ముందు పోయిన పిల్లలున్నారేమో అడిగి తీరండి.

ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది వరసల దగ్గర. మనకి పెదనాన్న కొడుకూ అన్నే, పెద్దమ్మ కొడుకూ అన్నే. "మా అన్న" అనగానే రాసేసుకోకుండా, తోడబుట్టినవాడా, పెదనాన్న కొడుకా అని అడగండి. మామయ్య అంటే అమ్మ తమ్ముడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పిల్లనిచ్చిన మామ కావచ్చు, చాలా ఇళ్ళల్లో ముగ్గురూ ఒక్కరే కూడా కావచ్చు. ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది, తెలంగాణలో చాలాచోట్ల అవ్వ అంటే తల్లి, రాయలసీమలో అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. వేరే జిల్లా నుంచి వచ్చిన కోడలు చెప్పేటప్పుడు ఆమె వాడుక ఏమిటో ముందే కనుక్కోండి. మొదటి భార్య పోతే ఆమె చెల్లెల్నే ఇచ్చి చేయడం మామూలుగా ఉండేది కాబట్టి, పెద్ద కుటుంబంలో పిల్లలందరూ ఒకే తల్లి పిల్లలని అనుకోకండి. పెద్ద కూతురికీ ఆఖరి కొడుక్కీ పాతికేళ్ళ తేడా ఉంటే అడగండి. కొన్నిసార్లు నిజంగానే ఒకే తల్లి, తల్లీ కూతురూ ఒకే ఏడాది పురుడు పోసుకున్న ఇళ్ళు బోలెడు, మేనమామ కంటే మేనల్లుడు పెద్దవాడైన ఇళ్ళూ ఉన్నాయి.

ఫోన్‌లో రికార్డు చేయండి, అడిగే చేయండి. వద్దంటే మానేయండి. గంటకి మించి కూర్చోబెట్టకండి, పెద్దవాళ్ళు అలిసిపోతారు. ఇంటికి వచ్చిన రోజే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ఇద్దరు అప్పచెల్లెళ్ళని విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి కూర్చోబెడితే ఇంకా మంచిది, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందిస్తారు, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, ఆ కాదనడంలోనే అసలు సంగతి తేలుతుంది.

ఏ సంవత్సరమో ఎలా తేల్చాలి

పెద్దవాళ్ళకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. అందుకే మీరు వెళ్ళేముందు మీ ప్రాంతంలో జరిగిన పెద్ద సంఘటనల జాబితా ఒకటి పుస్తకం వెనక రాసుకోండి. కృష్ణా జిల్లా వైపు అయితే 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన. గోదావరి జిల్లాల్లో 1986 వరద. తెలంగాణలో రజాకార్ల రోజులు, 1948 సెప్టెంబర్ పోలీసు చర్య. 1953 అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం రావడం. ఇంకా వెనక్కి వెళ్తే 1876లో మొదలైన ధాత కరువు, గుంటూరు ప్రాంతంలో 1832-33 నాటి డొక్కల కరువు, ఇవి చూసినవాళ్ళు ఎవరూ లేకపోయినా మా తాత వాళ్ళ తాత ఆ కరువులోనే ఈ ఊరొచ్చాడు అని చెప్పే కుటుంబాలు ఉన్నాయి. ఉప్పెన నాటికి నీకు పెళ్ళయ్యి ఎన్నేళ్ళత్తా, చంకలో ఎవరున్నారు, కడుపులో ఎవరున్నారు అని అడిగితే ఇద్దరి పుట్టిన సంవత్సరాలు ఒకేసారి తేలిపోతాయి. పాత తరం పెళ్ళిళ్ళకి, బాల్యవివాహాలు వద్దన్న శారదా చట్టం ఇంకో గుర్తు. అది 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వస్తోందని తొందరపడి చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చేసేసినవాళ్ళు చాలామంది.

తెలుగు సంవత్సరం పేరు చెప్తే ఇంకా సులువు. అరవై పేర్లు, అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ప్రభవ 1987లో వచ్చింది, అంటే అంతకుముందు 1927లో, 1867లో. సర్వజిత్తు 1947. ఉగాదికి మారుతుంది కాబట్టి మాఘమాసం పెళ్ళి అంటే ఇంగ్లీషు లెక్కలో తర్వాతి సంవత్సరం జనవరి, ఫిబ్రవరి అవుతుందని మర్చిపోకండి. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపండి. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ దాకా.

స్కూలు సర్టిఫికెట్లలో పుట్టినతేదీని మాత్రం నమ్మకండి. జూన్ 1, జూలై 1 అని ఉంటే అది బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిన తేదీ అయ్యే అవకాశమే ఎక్కువ. జాతకం ఉంటే అదే సరైంది.

మేనరికాలు

ఇక్కడ అమెరికా వాళ్ళ యాప్‌లు తికమకపడతాయి. మా ఇంట్లో ఒక తాత సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు. ఆయన పిల్లలకి ఆయన తండ్రి, తల్లి వైపు నుంచి లెక్కేస్తే తల్లికి మేనమామ. ఆ పిల్లలకి మా ముత్తాత ఒక వైపు తాత, ఇంకో వైపు ముత్తాత. చార్టులో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దీనికి నేను పాటించే పద్ధతి, ఒక మనిషికి ఒకటే అసలు నంబరు, ఎప్పుడూ తండ్రి శాఖ నుంచి. తల్లి శాఖలో ఆ మనిషి మళ్ళీ వచ్చినచోట పేరు రాసి, అసలు నంబరు చూడమని బాణం గుర్తు. పిల్లల వివరాలు రెండుచోట్లా రాయకండి, రాస్తే మీ కుటుంబంలో లేని జనం కూడా పుట్టుకొస్తారు.

దత్తత వెళ్ళినవాళ్ళకి మాత్రం రెండు నంబర్లూ ఇవ్వాల్సిందే. పుట్టిన ఇల్లు ఒకటి, వెళ్ళిన ఇల్లు ఒకటి, ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారి ఉంటాయి. ఇల్లరికం వెళ్ళినాయన ఇంటిపేరు మారకపోయినా ఊరు మారుతుంది, ఆయన శాఖ మొత్తం మీ లెక్కలోంచి జారిపోతుంది, వెతికి పట్టుకోండి.

ఇల్లంతా వెతకండి

పాత ట్రంకుపెట్టెలు, అటకలు, దేవుడి గూడు వెనక, తాత చెక్క బీరువా. దొరికే కాగితాలన్నీ పారేయకుండా ఫోటోలు తీయండి, రెండు వైపులా తీయండి. శుభలేఖలు బంగారం. జ్యేష్ఠ పుత్రుడు, ద్వితీయ పుత్రిక, కనిష్ఠ పుత్రిక అని వరస రాసి ఉంటుంది, ఫలానావారి పౌత్రి, ఫలానావారి దౌహిత్రి అని రెండు వైపుల తాతల పేర్లూ ఉంటాయి, తేదీ, ఊరు సరేసరి. పోస్టుకార్డుల మీద ముద్రలో తేదీ ఉంటుంది. పెద్దకర్మ కార్డుల మీద మిగతా కుటుంబ సభ్యుల పేర్లన్నీ ఉంటాయి.

అందరూ వదిలేసేది చదివింపుల పుస్తకం. మా పెద్ద మేనత్త పెళ్ళి నాటిది ఒకటి దొరికింది, చిన్న ఎర్రట్ట పుస్తకం, గళ్ళ కాగితాలు, ఎవరో తీరైన దస్తూరితో ఊరు, ఇంటిపేరు, పేరు, పక్కన అయిదు రూపాయలు, పది రూపాయలు, కంచు గ్లాసు అని రాసుకుంటూ పోయారు. ఆ రోజు మా కుటుంబానికి చుట్టాలెవరో, ఏ ఊళ్ళ నుంచి వచ్చారో ఆ ఇరవై పేజీల్లో ఉంది. మేం పేరు కూడా వినని ఊరు ఒకటి వరసగా ఆరు పద్దుల్లో కనిపించింది. అడిగితే మా ముత్తవ్వ పుట్టిల్లు అదే.

అలాగే వంటగదిలో పాత ఇత్తడి గిన్నెలు, స్టీలు పళ్ళేలు తిరగేసి చూడండి. ఎవరు ఎవరి పెళ్ళికో గృహప్రవేశానికో ఇచ్చారో పేరు చెక్కించి ఉంటుంది, చాలావాటి మీద తేదీ కూడా. పాత సామాను మార్చేసేముందు ఫోటోలు తీసుకోండి.

తర్పణాలు వదిలే ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు, తల్లి వైపు కూడా మూడు తరాలు గోత్రంతో సహా ఒక కాగితం మీద రాసి ఉంటాయి. పుష్కరాలకి వెళ్ళినప్పుడు ఇంకా దూరపు బంధువుల పేర్లతో పిండాలు పెడతారు, ఆ జాబితా ఎవరి దగ్గరుందో కనుక్కోండి. 2015 గోదావరి పుష్కరాలకి రాసిన కాగితం ఎవరో ఒకరు దాచే ఉంటారు, 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి ఎలాగూ అవసరపడుతుంది. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు కూడా రెండు వైపులా మూడు తరాల పేర్లు పురోహితుడు రాసుకుంటాడు.

ఆఫీసు కాగితాలు

పొలం ఉన్న కుటుంబమైతే దస్తావేజులే అన్నిటికంటే గట్టి ఆధారం. పాత దస్తావేజు మొదట్లోనే ఫలానా గ్రామ కాపురస్తులు, కీర్తిశేషులు ఫలానా వారి కుమారుడు, వయస్సు సుమారు ఇన్ని సంవత్సరాలు అని ఉంటుంది. చివర్లో సాక్షులు, వాళ్ళు తరచూ బావమరుదులే. హద్దుల్లో తూర్పున ఫలానావారి భూమి అంటే ఆ ఫలానావారు చాలాసార్లు విడిపోయిన దాయాదులే. భాగపరిష్కార దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరూ వరసలో వచ్చేస్తారు. ఇంట్లో ఉన్న ఏదో ఒక దస్తావేజు నంబరు, సంవత్సరం పట్టుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగండి, అందులో ముందు దస్తావేజు ప్రస్తావన ఉంటుంది, అలా వెనక్కి వెళ్ళాలి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983కి అటూ ఇటూ దాకానే వస్తుంది, అంతకుముందువి చేత్తో రాసిన పుస్తకాల్లో వెతికించుకోవాలి, పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి విడివిడిగా ఉంటాయి.

ఏ పొలం ఎవరిదో రాసి ఉంచిన రెవెన్యూ రిజిస్టర్లూ చూడాలి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, అంతకుముందు సేత్వార్ అడగండి. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్, పాత అడంగళ్ళు. జమీందారీ గ్రామాలైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది, అప్పట్లో కొన్ని గ్రామ లెక్కలు కరణాల ఇళ్ళల్లోనే ఉండిపోయాయి, మీ ఊరి పాత కరణం గారి వారసులని మర్యాదగా అడిగి చూడండి.

ఈ కాగితాల్లో ఆడవాళ్ళు కనిపించరు. పసుపుకుంకుమల కింద ఇచ్చిన దస్తావేజు, ఆస్తి చేతికొచ్చిన వితంతువు, ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా హక్కు వచ్చింది, 2005లో దేశమంతటా చట్టం మారింది. ఆ తర్వాతి కాగితాల్లో, ముఖ్యంగా హక్కు విడుదల దస్తావేజుల్లో, ఆడపడుచులందరి పేర్లూ భర్తల పేర్లతో సహా ఉంటాయి. పాత జనన రిజిస్టర్లలో కూడా ఫలానావారికి ఆడపిల్ల అని తప్ప పేరు లేని పద్దులు ఎన్నో. మేనత్తల దగ్గరికి ముందు వెళ్ళమని ఇంతగా చెప్తున్నది ఇందుకే.

మీ ఇంట్లో ఎప్పుడైనా వాటాల దావా నడిచిందా? నడిస్తే దావా కాగితాల్లో వంశవృక్షం గీసే ఉంటుంది, లాయరు ఇరుపక్షాలనీ అడిగి రాసింది. గొడవ చేదుగా ఉన్నా ఆ కాగితం మాత్రం సంపాదించండి. అయితే అది ఆస్తి కోసం గీసింది కాబట్టి వాటా లేనివాళ్ళని వదిలేసి ఉండొచ్చు, పోల్చి చూసుకోండి.

భూమి లేని కుటుంబాలకి ఈ దారి లేదు. వాళ్ళకి బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత ఓటరు జాబితా, రేషన్ కార్డు, రైల్వే, మిల్లు, గని ఉద్యోగాల సర్వీసు రిజిస్టర్లు పనికొస్తాయి. క్రైస్తవ కుటుంబాలకి చర్చి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చాలా విలువైనవి. ఒంగోలు మిషన్‌లో 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ప్రకాశం, గుంటూరు వైపు ఎన్నో కుటుంబాల కథ ఆ రోజుల నుంచే మొదలవుతుంది. ముస్లిం కుటుంబాల్లో నికానామాలు, కొన్ని ఇళ్ళల్లో షజ్రా పేరుతో రాసి దాచుకున్న వంశావళి ఉంటాయి.

వంశం చెప్పేవాళ్ళు

మన దగ్గర ఈ పని వృత్తిగా చేసిన కులాలే ఉన్నాయి. పిచ్చుకుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజులు అంటారు, రైతు కుటుంబాల ఇళ్ళకి వచ్చి ఇంటిపేరు, గోత్రం, వంశక్రమం పాడేవాళ్ళు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు, గొల్లలకి మందెచ్చులవాళ్ళు. మీ ఊరికి చివరిసారి ఎప్పుడు వచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు అని పెద్దవాళ్ళని అడగండి. దొరికితే పూర్తిగా పాడనిచ్చి, రికార్డు చేసి, వాళ్ళకి దక్కాల్సింది ఘనంగా ఇవ్వండి. పాటలో పాత భాగం పురాణమే, మీ ముత్తాతల దాకా వచ్చే చివరి తరాలే మీకు పనికొచ్చేవి.

ఊరు వదిలినవాళ్ళు

ఇంటిపేరు ఊరి పేరైతే అది మీవాళ్ళు వదిలొచ్చిన ఊరు. పాలకుర్తిలో ఉన్నవాళ్ళని పాలకుర్తివాళ్ళని ఎవరూ అనరు, అక్కడి నుంచి ఇంకో ఊరు వెళ్ళాకే ఆ పేరు పడుతుంది. అదే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటే దగ్గరదాని నుంచి మొదలుపెట్టండి. ఆ ఊరు శ్రీశైలం, నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోయి ఉండొచ్చు కూడా, అప్పుడు పునరావాస గ్రామాల్లో వెతకాలి. ఊరి పాత చరిత్రకి కంపెనీ కాలపు సర్వే అధికారి కాలిన్ మెకంజీ రాయించిన కైఫీయత్తులు, అంటే గ్రామ చరిత్రలు చూడండి, కరణాలు, రెడ్ల పేర్లు చాలా ఊళ్ళకి దొరుకుతాయి.

నిజాంసాగర్ కింద బోధన్ వైపు, తుంగభద్ర కింద సింధనూరు, గంగావతి వైపు క్యాంపులనే కొత్త ఊళ్ళకి వెళ్ళిన రైతులు, భీవండి, షోలాపూర్ వెళ్ళిన పద్మశాలీలు, ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్ళినవాళ్ళు, ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఇలాంటి శాఖ ఒకటి ఉంటుంది. ఉత్తరాంధ్ర వాళ్ళయితే రంగం, అంటే రంగూన్ వెళ్ళినవాళ్ళ గురించి తప్పక అడగండి, 1942లో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళెవరు, రానివాళ్ళెవరు అని.

సముద్రం దాటి కూలికి వెళ్ళినవాళ్ళ విషయంలో ఒక మేలు ఉంది, తెల్లవాళ్ళు కాగితం రాసిపెట్టారు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి, 1916 దాకా ఫిజీకి వెళ్ళిన ప్రతి మనిషికీ తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, వయసు, ఒంటి మీద గుర్తులు రాసిన నమోదు ఉండేది. మారిషస్ వాళ్ళ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడి నుంచి వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేవాళ్ళు ఊరి పేరు తెల్లవాళ్ళ స్పెల్లింగ్‌లో పట్టుకొస్తారు, దాన్ని గట్టిగా చదివి తెలుగు చెవితో వినమనండి, అప్పుడే ఊరు దొరుకుతుంది.

కంప్యూటర్లోకి, తర్వాత అందరి చేతుల్లోకి

నోట్‌బుక్ కొంత నిండాక గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించండి, అది మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు కూడా ఉచితమే. బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు, తల్లుల పుట్టింటి పేర్లు నెట్‌లో పెట్టకండి, బ్యాంకు మోసగాళ్ళకి కావాల్సినవి అవే. డీఎన్‌ఏ పరీక్షల మీద డబ్బు పెట్టేది ఉంటే ఆఖర్న పెట్టండి. తరతరాలుగా మేనరికాలు చేసుకున్నవాళ్ళం కాబట్టి దూరపు చుట్టం కూడా అందులో దగ్గరవాడిలా కనిపిస్తాడు.

రాయడానికి ఇబ్బందిగా ఉన్న సంగతులు కూడా వస్తాయి. బావిలో దూకిన కోడలు, చెప్పకుండా వెళ్ళిపోయిన కొడుకు, వేరే కులం అమ్మాయిని చేసుకున్నాడని పేరెత్తని బాబాయి, రెండో ఇంటి పిల్లలు. మనిషిని మాత్రం చెట్టులోంచి తీసేయకండి, ఎవరు చెప్పినా సరే. పేరు, నంబరు ఉండాలి. ఎలా పోయారు, ఎందుకు వెళ్ళారు అన్నది మీ దగ్గరున్న పుస్తకంలో రాసి, అందరికీ పంచే కాపీలో వదిలేయండి. వాళ్ళ పిల్లలు బతికుంటే ముందు వాళ్ళకి చూపించండి.

మొదటి కాపీ తయారవగానే ఇంకా అయిపోలేదే అని దాచుకోకుండా, ఫ్లెక్సీ షాపులో పెద్ద చార్టుగా వేయించి సంక్రాంతికి అందరూ కలిసే ఇంట్లో గోడకి తగిలించండి, పక్కన పెన్ను కట్టండి. తప్పులు దిద్దడానికి జనం ఎగబడతారు, మా ఇంట్లో ఒక్క పూటలోనే రెండు శాఖల పేర్లు నిండాయి. పండగయ్యాక చార్టుని ఫోటో తీసి, దిద్దినవన్నీ ఎవరు దిద్దారో పేరుతో సహా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. రెండు జిరాక్సులు తీయించి ఒకటి పెద్ద మేనత్త ఇంట్లో, ఇంకొకటి ఈ పని మీద ఇష్టం ఉన్న చిన్నవాళ్ళెవరి దగ్గరైనా పెట్టండి.